పులికాట్ అడుగున పరాయి ఆల్చిప్ప

సంపాదకులకు నమస్కారం.

పులికాట్ అనగానే మనకు శీతకాలపు ఫ్లెమింగోలే గుర్తొస్తాయి. ఆ నీటి అడుగున ఏం జరుగుతోందో పట్టించుకునేవారు తక్కువ. సరస్సు దక్షిణాన, చెన్నై దగ్గరి ఎన్నూరు నుంచి పళవేర్కాడు (తమిళనాడు వైపున్న పులికాట్ ఊరు) వైపు, తమిళ జాలర్లు ‘కాక్కా ఆళి’ అని పిలిచే పరాయి ఆల్చిప్ప కొన్నేళ్లుగా వ్యాపిస్తోంది. శాస్త్రజ్ఞులు దీన్ని మైటెల్లా స్ట్రిగాటా అంటారు. మధ్య, దక్షిణ అమెరికా తీరాల్లో పుట్టిన ఈ జీవి ఓడలు నిలకడ కోసం ట్యాంకుల్లో నింపుకునే నీటితోపాటు, ఓడల అడుగున అంటుకుని కూడా ఖండాలు దాటిందని పరిశోధకుల అభిప్రాయం.

గత నెల పళవేర్కాడులో ఒకామె తాటాకు బుట్టను పళ్లతో పట్టుకుని, నడుము లోతు నీళ్లలో వంగి, చేతులతో బురద తడుముతూ రొయ్యలు పట్టడం చూశాను. ఆమె వేళ్ల నిండా గాట్లే. బొటనవేలంత ఉండే ఈ నల్లని చిప్పలు నారపోగుల్లాంటి దారాలతో ఒకదాన్నొకటి అల్లుకుని అడుగంతా చాపలా కప్పేస్తే, రొయ్య దూరడానికి ఇసుక దొరకదు, ఆ ఇసుకలో బతికే గుల్లలకు ఊపిరాడదు. కేరళలోని అష్టముడి సరస్సులోనూ ఇదే వ్యాపించింది. అక్కడి గుల్లల వేట, సంపద తరిగిపోకుండా సాగే వేటలను గుర్తించే అంతర్జాతీయ సంస్థ మెరైన్ స్టీవార్డ్‌షిప్ కౌన్సిల్ నుంచి 2014లో ధ్రువపత్రం పొందింది; దేశంలో అది పొందిన తొలి వేట ఇదే. అంత జాగ్రత్తగా సాగిన వేటకే ఇప్పుడు ముప్పు వచ్చింది.

పులికాట్ సరస్సులో ఎక్కువ భాగం మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. వేసవిలో మనవైపు నీరు సముద్రం కన్నా ఉప్పగా మారుతుంది కాబట్టి ఇది ఇటు బతకదని కొందరు ధీమాగా ఉన్నారు. ఆ ధీమా సరికాదు. ఉప్పదనం చాలా తక్కువున్న నీటిలోనూ, సముద్రాన్ని మించిన ఉప్పునీటిలోనూ ఇది తట్టుకోగలదని ప్రయోగాలు తేల్చాయి. తమిళనాడులో జాలర్ల ఫిర్యాదు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఒకసారి అడుగంతా పరుచుకున్నాక గీకి తీయడం ఎంత కష్టమో వాళ్లనడిగితే చెబుతారు.

అందుకే మత్స్యశాఖ ఈ వేసవిలోపే ఇరకం, వేనాడు దీవుల చుట్టూ, సరస్సు సముద్రంలో కలిసే రాయదొరువు ముఖద్వారం దగ్గర అడుగు మట్టిని పరీక్షించాలి. ఈ చిప్ప ఫొటోలను తెలుగు వివరాలతో ప్రతి జాలరి పల్లెలో అంటించాలి. దక్షిణం నుంచి వచ్చే పడవలను, వలలను గట్టు మీద ఆరబెట్టి, శుభ్రం చేశాకే ఇటు నీళ్లలో దించాలి. రొయ్యల చెరువులకు, బాతులకు మేతగా బతికున్న చిప్పలను తరలించడాన్ని వెంటనే ఆపాలి.

– ఒక పాఠకుడు, సూళ్లూరుపేట