జబ్బు తగ్గినా చెరగని ఎర్ర సిరా

సంపాదకుడికి,

మాది ఉద్దానం. కిడ్నీలు చెడిపోయి వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లేవారు లేని ఊరు ఇక్కడ అరుదు. వారిలో మా తమ్ముడు ఒకడు. రెండేళ్ల కిందట వాడి చికిత్స పుస్తకం అట్ట మీద ఎర్ర సిరాతో ‘హెచ్‌సీవీ రియాక్టివ్’ అని రాసిచ్చారు. అంటే హెపటైటిస్ సీ, కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు. రక్తం శుభ్రం చేయించుకోవడానికి వెళ్లిన మనిషికి రక్తం ద్వారానే ఇంకో జబ్బు అంటిందని తెలిసిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

ఆ రాత పూర్తి నిజం కాదని ఆనాడు మాకెవరూ చెప్పలేదు. మొదటి పరీక్షలో కనిపించేది యాంటీబాడీ, అంటే వైరస్ ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందన్న ఆనవాలు మాత్రమే. వంద మందిలో సుమారు ముప్పై మందికి ఆ వైరస్ మందు లేకుండానే పోతుంది. ఇప్పుడు ఉందో లేదో తేల్చేది రెండో పరీక్ష, వైరల్ లోడ్. దానికి రక్తం ఇవ్వడానికి మమ్మల్ని వేరే ఊరికి పంపారు. మొదటిసారి కిట్లు లేవన్నారు. రెండోసారి ఆ రోజు నమూనాలు తీసుకోరన్నారు. డయాలసిస్ లేని రోజు చూసుకుని, ఊపిరి ఆడని మనిషిని బస్సెక్కించి తిప్పాం. నాలుగు నెలలు పట్టింది. పరీక్ష చేసే యంత్రం దూరంగా ఉంటే ఉండనివ్వండి. డయాలసిస్ చేసే చోటే రక్తం తీసి నమూనాను పంపించవచ్చు కదా! క్షయ పరీక్షకు వాడే యంత్రాల్లో కార్ట్రిడ్జ్ మారిస్తే ఈ పరీక్ష కూడా చేయవచ్చు.

మందు విషయంలో మాత్రం ఎవరినీ తప్పుపట్టలేను. 2013లో అమెరికాలో ఈ జబ్బుకు వాడే సోఫోస్‌బువిర్ ఒక్కో మాత్ర వెయ్యి డాలర్లు. 2015 నుంచి అదే మందును మన హైదరాబాద్ కంపెనీలు నాట్కో, హెటెరో తయారుచేసి ఎన్నో రెట్లు తక్కువ ధరకు అమ్మాయి. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలూ మాత్రలూ ఉచితం. మా తమ్ముడు 12 వారాలు మాత్రలు మింగాడు. మరో 12 వారాలు ఆగి పరీక్ష చేస్తే వైరస్ లేదు. నూటికి తొంభై అయిదు మందికి పైగా ఇలాగే నయమవుతుంది. ఇంత మంచి మందు ఉండగా మా పక్క ఊళ్లలో ఇంకా పసరు మందుకు పోతున్నారు. పైగా కళ్లు పచ్చబడితేనే కాలేయం జబ్బు అనుకుంటారు. ఈ జబ్బు ఏళ్ల తరబడి ఏ గుర్తూ చూపదు.

అయితే పుస్తకం అట్ట మీద ఎర్ర సిరా అలాగే ఉంది. జబ్బు నయమైనా యాంటీబాడీ జీవితాంతం కనిపిస్తుంది, కాబట్టి ఆ పరీక్ష ఎప్పుడు చేసినా ‘రియాక్టివ్’ అనే వస్తుంది. దాన్ని చూసి ఇప్పటికీ వాడిని సీ రోగులకు కేటాయించిన మూల యంత్రం దగ్గరికే పంపుతున్నారు. అది చెడిపోయిన రోజు ఇంటికి పొమ్మన్నారు. రెండు రోజులకే కాళ్లు వాచి, ఆయాసంతో మళ్లీ తీసుకెళ్లాం. ఒకసారి తగ్గినంత మాత్రాన ఈ వైరస్ మళ్లీ రాదని లేదు, దీనికి టీకా కూడా లేదు. నయమైన వాడిని జబ్బున్నవారి మధ్య పడుకోబెట్టడం ఏ లెక్కన జాగ్రత్త అవుతుంది? డయాలసిస్ గదుల్లో ఇది ముఖ్యంగా అంటేది ఒక రోగి దగ్గరి నుంచి మరో రోగి దగ్గరికి గ్లవుజులు మార్చకుండా వెళ్లినప్పుడు, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌ను ఒకే సీసాలోంచి అందరికీ సూదిలోకి తీసినప్పుడు. జాగ్రత్త అక్కడ కావాలి. దానికి తగినంత మంది నర్సులు కావాలి. మా కేంద్రంలో ఉన్న నర్సమ్మలు తిండికి కూడా కూర్చోవడం నేను చూడలేదు.

మొన్న సోమవారం కూడా మా తమ్ముడు ఆ మూల యంత్రం ఖాళీ అయ్యేదాకా మధ్యాహ్నం మూడింటి వరకు బెంచీ మీదే ఉన్నాడు. వైరస్ లేదన్న రిపోర్టు వాడి చొక్కా జేబులోనే ఉంది. దాన్ని చూసి ఆ అట్ట మార్చే అధికారం ఎవరికి ఉందో జిల్లా వైద్యాధికారులు మీ పత్రిక ద్వారానైనా చెప్పాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా