సందులన్నీ మూసేయమని రాయకండి

సంపాదకులు గారికి, నమస్కారం.

పాత వ్యాన్లను ఇల్లులా మార్చుకుని చలి ప్రదేశాలకు పోయే కుర్రాళ్ల మీద పోయిన ఆదివారం మీ అనుబంధంలో వ్యాసం వేశారు. ఫొటోలు బాగున్నాయి. అందులో ఒక వాక్యం చదివి మాత్రం చేతిలో కాఫీ పక్కన పెట్టేశాను. సందులన్నీ గాలి చొరకుండా మూసి, లోపల చిన్న కుంపటి పెట్టుకుంటే మైనస్ డిగ్రీల్లోనూ వెచ్చగా పడుకోవచ్చట. అలా పడుకున్న వాళ్లు తెల్లారి లేవలేదన్న వార్తలు చలికాలంలో ఉత్తరాది నుంచి వస్తూనే ఉంటాయి. మీరే లోపలి పేజీల్లో నాలుగు లైన్లు వేస్తుంటారు.

నేను ఇరవై తొమ్మిదేళ్లు విశాఖలో రొయ్యలు ఎగుమతి చేసే ప్లాంట్లలో కోల్డ్‌స్టోరేజీ ఆపరేటరుగా పనిచేశాను. బ్లాస్ట్ ఫ్రీజర్ మైనస్ 40, స్టోర్ రూము మైనస్ 18. బయట మే నెల ఉక్క. ఆ తలుపు రోజుకు ఇరవై సార్లు దాటిన వాడిని, చలి నాకు కొత్త కాదు. కాకపోతే నా ఉద్యోగమంతా చలిని లోపల ఆపడమే. రిటైరయ్యాక ఒక పాత స్కూలు వ్యాను కొన్నాం. ఇప్పుడు చలిని బయట ఆపాలి. ఎటువైపు ఆపినా గోడ గోడే కదా అనుకున్నాను. అక్కడే బోల్తా పడ్డాను.

బండి ఒళ్లు కోయకముందే రవాణా శాఖ అనుమతి తెచ్చుకున్నాను (1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ దాని గురించే, మీ వ్యాసంలో ఆ ఊసే లేదు). తర్వాత ఆటోనగర్‌లో పని మొదలుపెట్టాం. చదునైన గోడలకు కోల్డ్‌రూము ప్యానెళ్ల పఫ్ (వేడి, చలి దాటనివ్వని గట్టి నురగ) ముక్కలు బిగించాం. ఫిషింగ్ హార్బర్‌లో బోట్ల ఐసు గదులకు వాడేదీ ఆ పఫ్ నురగే. పైకప్పు వంపుకి పఫ్ బల్ల వంగదు కాబట్టి అక్కడ గ్లాస్‌వూల్ (గాజు పీచు దూది) కూరాం. చెమ్మ ఆపే పాలిథిన్ షీటు మాత్రం నేనే దగ్గరుండి రేకుకి ఆనించి వేయించాను. దాని కింద వూల్, ఆ కింద ప్లైవుడ్. ఇరవై తొమ్మిదేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే అటు పోయింది.

రేడియేటరు విప్పితే అంతా కొళాయి నీళ్లు. కూలెంట్ పొయ్యమంటే మెకానిక్ నవ్వాడు. "వైజాగులో మంచేటి బాబూ, నీళ్లు సాలు" అన్నాడు. ఇక్కడికైతే అతని మాట నిజమే. కానీ నీరు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది, ఇంజను బ్లాకు పగలడానికి అది చాలు. గ్లైకాల్, నీళ్లు సగం సగం కలిపి పోయించాను. మైనస్ 35 దాకా బెంగ లేదు.

డిసెంబరులో నర్సీపట్నం మీదుగా లంబసింగి వెళ్లి మూడు రాత్రులు పడుకుని చూశాం. కిటికీలన్నీ బిగించేశాను. పొద్దున్న లేచేసరికి అద్దాల మీంచి నీళ్లు కారుతున్నాయి, తలగడలు తడి, నాకు తలపోటు. మంచు కురిసింది కదా అని సరిపెట్టుకున్నాను. అది మా ఊపిరే. ఇద్దరు మనుషులు రాత్రంతా పడుకుంటే అరలీటరుకు పైనే నీరు గాలిలోకి వదులుతారు. పైగా లోపలే వంట. కిలో గ్యాసు మండితే కిలోన్నర నీటి ఆవిరి వస్తుందని ప్లాంటులో ఇంజనీరు ఎప్పుడో చెప్పాడు. విన్నాను గానీ బుర్రకెక్కించుకోలేదు.

జనవరిలో హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు బయలుదేరాం. మనాలి వైపు దారి మంచుతో మూసుకుపోతుంది కాబట్టి షిమ్లా, కిన్నౌర్ మీదుగా కాజా చేరాం. మన తాపేశ్వరం కాజా కాదు, 3,600 మీటర్లు దాటిన ఎత్తులో ఉన్న ఊరు. నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కరు లేకపోతే పప్పు ఉడకదు. హ్యాండ్‌బ్రేక్ వేస్తే పట్టేసి ఊరుకుంటుంది, గేరులో ఉంచి చక్రాల కింద రాళ్లు పెట్టాలి. సోలార్ పెట్టుకోమని మీరు రాశారు, మంచిదే. కానీ లిథియం బ్యాటరీని సున్నా కంటే తక్కువలో చార్జి చేస్తే పాడైపోతుంది. మాది పరుపు కింద మాతోపాటే పడుకునేది.

అయిదో రాత్రి మా థర్మామీటరు మైనస్ 22 చూపించింది. మూడు గంటలప్పుడు వ్యానులో వెచ్చదనానికి పెట్టించిన డీజిల్ హీటర్ దగ్గి ఆగిపోయింది. టార్చి వేసి చూస్తే క్యానులో డీజిలు నెయ్యిలా పేరుకుని ఉంది. దారిలో చండీగఢ్‌లో పోయించిన క్యాను అది. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ వాళ్లు లద్దాఖ్ కోసం మైనస్ 33 దాకా పేరుకోని డీజిలు తెచ్చారు. అలాంటిది దొరికే చోట అదే పోయించుకోవాలి గానీ, కింద కొన్నది పైకి మోసుకెళ్లడం తెలివి తక్కువ పని. ఆ పని నేనే చేశాను.

మేం బండి ఆపుకున్నది ఒక హోమ్‌స్టే వాకిట్లో. ఇంటాయన అలికిడి విని లేచి, పాపం, ఒక ఇనప తట్టలో నిప్పులు తెచ్చి వ్యానులో పెట్టుకోమన్నాడు. కాళ్లు కొయ్యలైపోయి ఉన్నాయి. గంటసేపే కదా, పెట్టుకుందాం అన్నాను. మా ఆవిడ తలుపుకి అడ్డంగా నిలబడి, "ఇరవై తొమ్మిదేళ్లు గ్యాసు దగ్గర పని చేసిన మనిషేనా మీరు?" అంది. ప్లాంటులో అమ్మోనియా చుక్క లీకైనా ముక్కు చెప్పేస్తుంది, పరిగెత్తేవాళ్లం. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన లేదు, రంగు లేదు. నిద్ర మత్తు అనుకుంటూనే ఉంటాం. ఇంటాయన్ని బతిమాలుకుని వాళ్ల గదిలో బుఖారీ (గది వెచ్చబరిచే ఇనప పొయ్యి) పక్కన పడుకున్నాం. అది కూడా నిప్పే, కానీ దాని పొగగొట్టం కప్పు దాటి బయటికి పోతుంది. మా హీటరూ అంతే, గాలి బయట నుంచి పీల్చి పొగ బయటికే వదులుతుంది. మీ వ్యాసంలో కుంపటికి గొట్టం లేదు.

అసలు సంగతి తిరుగు ప్రయాణంలో తెలిసింది. షిమ్లా దిగి మైదానంలోకి వచ్చాక సీలింగు లైటు చుట్టూ చుక్కలు పడటం మొదలైంది. వాన కారుతోందనుకుని బండి ఆపి చూస్తే ఎండ మండిపోతోంది. విశాఖ చేరేసరికి లోపల ముక్కిన వాసన. ప్లైవుడ్ విప్పాను. పసుపు రంగులో పొంగుతూ ఉండాల్సిన గ్లాస్‌వూల్ అంట్లు తోమే గుడ్డలా అణిగిపోయి ఉంది. పిండితే వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. కమ్మీల మీద అప్పుడే ఎర్రటి తుప్పు.

ఆవిరి మామూలుగా వేడి, చెమ్మ ఉన్న వైపు నుంచి చల్లని వైపుకే పోతుంది. విశాఖ కోల్డ్‌రూముకి వేడి, చెమ్మ బయట ఉంటాయి కాబట్టి షీటు బయటి వైపు వేస్తాం. స్పితిలో వ్యానుకి వేడి, చెమ్మ లోపల ఉన్నాయి. అవి మేమిద్దరమే. మా ఊపిరి ప్లైవుడ్ సందుల్లోంచి పోయి, వూల్ దాటి, చల్లటి షీటుకి తగిలి రోజుకింత మంచు కట్టింది. కిందకి దిగాక అదంతా కరిగింది. మొత్తం పీకేసి, ఏసీ పైపులకు చుట్టే నల్ల రబ్బరు ఫోము షీట్లు కప్పుకి అంటించాను, అది నీరు పీల్చదు. పాలిథిన్ ఈసారి ప్లైవుడ్ వెనకే, మా వైపు.

అయినా ఊపిరి ఎక్కడికో ఒక చోటికి పోవాలి. అందుకే పైన ఒక వెంటు, కింద ఒక కిటికీ రెండు వేళ్లంత ఎప్పుడూ తెరిచి ఉంచాలి. కొంత వేడి పోతుంది, పోనివ్వండి. హీటరుకి ఇంకో గ్లాసు డీజిలు ఎక్కువ తాగిస్తే సరిపోతుంది. కార్బన్ మోనాక్సైడ్ అలారం తలగడ ఎత్తులో పెట్టుకోవాలి. ఈ రెండు విషయాలూ వచ్చే ఆదివారం అనుబంధంలోనే, ఆ వ్యాసం వేసిన పేజీలోనే వేయమని మనవి. సవరణల మూలలో వేస్తే ఆ కుర్రాళ్లు చూడరు.

వచ్చే జనవరిలో మళ్లీ బయలుదేరుతున్నాం. రాత్రి చలికి నేను ఎక్కడ కిటికీ మూసేస్తానో అని మా ఆవిడ దాని గొళ్లెం ఇప్పుడే ఊడదీయించి పూజగదిలో దాచింది.

ఇట్లు,
ఒక విశ్రాంత కోల్డ్‌స్టోరేజీ ఆపరేటరు,
కంచరపాలెం, విశాఖపట్నం