జపాన్ ఇంజెక్షన్ గురించి మిగతా సగం కూడా వేయండి

సంపాదకుల వారికి,

కాలి రక్తనాళాలు పూడుకుపోయినవాళ్లకు జపాన్‌లో జన్యు ఇంజెక్షన్ వచ్చిందని, ఇక కాలు తీయాల్సిన పని ఉండదని మీ ఆదివారం ఆరోగ్య పేజీలో రాశారు. ఆ మందు పేరు కొల్లాటజీన్. 2019లో అక్కడి ప్రభుత్వం అనుమతి ఇచ్చిన మాట నిజమే, కాకపోతే షరతు మీద ఇచ్చింది. ఇంకొంతమంది రోగుల్లో వాడి గుణం చూపించాలి. అనుకున్న ఫలితం మళ్లీ రాలేదు. 2024లో పూర్తి అనుమతి దరఖాస్తును కంపెనీయే వెనక్కి తీసుకుంది. ఈ సంగతి మీ వార్తలో లేదు.

నేను సర్జికల్ వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. చుట్టలు, బీడీలు మానలేక కాళ్లమీదకు తెచ్చుకున్నవాళ్లకు ఎన్ని డ్రెస్సింగులు చేశానో లెక్కలేదు. బొటనవేలు బొగ్గులా నల్లబడుతుంది, పాదం ముట్టుకుంటే చల్లగా తగులుతుంది. రాత్రిళ్లు నొప్పికి పడుకోలేక, కాలు మంచం మీంచి కిందికి వేలాడేసుకుని కూర్చునే కునుకు తీస్తారు. "వేలు పోతే పోనీ, మోకాలి దాకా వద్దు సిస్టరమ్మా" అని బతిమాలతారు. మీ పేజీని కత్తిరించి దాచుకునేది ఇలాంటివాళ్లే. మా వీధిలో ఒకతను ఆ కటింగ్ పట్టుకుని వచ్చాడు. పొలం అమ్మైనా వేయించుకుంటాడట. వేలు తీయించుకోమన్న డాక్టర్ దగ్గరకు మాత్రం వెళ్లడం మానేశాడు.

అసలు చిక్కు ఎక్కడుందో కూడా రాయాల్సింది. ఈ ఇంజెక్షన్‌లో ఉండేది ప్లాస్మిడ్, అంటే బ్యాక్టీరియాలో పెంచి శుద్ధి చేసిన గుండ్రటి డీఎన్‌ఏ. కొత్త రక్తనాళాలు మొలిపించే ప్రోటీన్ తాలూకు జన్యువును అందులో చేర్చి కాలి కండరంలోకి ఎక్కిస్తారు. ఉత్త డీఎన్‌ఏ ఎక్కించినా ఎలుక కండరం ప్రోటీన్ తయారుచేస్తుందని 1990లో అమెరికాలో తేలింది, అక్కడి నుంచే ఈ ఆశ. కానీ ఎక్కించినదాంట్లో చాలావరకు కణాల బయటే ఎంజైములు ముక్కలు చేసేస్తాయి. డీఎన్‌ఏదీ రుణావేశమే, కణం పైపొరదీ రుణావేశమే, కాబట్టి పొర దాన్ని దగ్గరకు రానివ్వదు. ఎలాగో లోపలికి దూరినా కేంద్రకం దాకా చేరితేనే పని జరుగుతుంది. అందుకే పొర దాటించడానికి కొందరు కండరానికి క్షణకాలం కరెంటు పల్సులు ఇచ్చి చూశారు. మన హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో, డీఎన్‌ఏను ధనావేశం ఉన్న కొవ్వు పదార్థాల్లో చుట్టి పంపే పరిశోధన ఏళ్లుగా జరిగింది.

మరి మన జైకోవ్-డి కరోనా టీకా కూడా ప్లాస్మిడే కదా, దానికి 2021లో అత్యవసర అనుమతి వచ్చింది కదా అని అడగొచ్చు. సూది లేకుండా సన్నటి ధారగా చర్మంలోకి కొట్టే టీకా అది. టీకాకు కొద్ది కణాలు చాలు. వైరస్ ప్రోటీన్ కాస్త కనిపిస్తే మిగతాది ఒంట్లోని రోగనిరోధక శక్తి చూసుకుంటుంది. కాలి సంగతి అలా కాదు. నాళాలు మొలవాలంటే ఆ ప్రోటీన్ సరైన చోట, సరిపడా, చాలినన్ని రోజులు ఉండాలి. కొసరు కణాలతో అయ్యే పని కాదు.

పరిశోధనను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. దరఖాస్తు వెనక్కి తీసుకున్న వార్తను కూడా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో వేయండి. దాంతోపాటు చుట్ట వెంటనే మానాలని, వేలు రంగు మారితే ఆలస్యం చేయకుండా వాస్క్యులర్ సర్జన్‌కు, అంటే రక్తనాళాల ఆపరేషన్లు చేసే డాక్టర్‌కు చూపించాలని, కొందరికి బెలూన్‌తోనో బైపాస్‌తోనో కాలు దక్కుతుందని కూడా రాయండి. మా వీధి అతనికి ఇదంతా చెప్పాను. "పేపర్లో వేశారు కదా అక్కా" అంటున్నాడు. ఈ ఆదివారమే వేస్తే ఆ పేజీ నేనే తీసుకెళ్లి చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, గుంటూరు