'తర్వాత ఫార్మాట్ చేసుకుంటే సరి' అన్నారు, సరిపోలేదండీ

ఎడిటర్ గారికి నమస్తే,

పాత కంప్యూటర్‌లో కొత్త హార్డ్ డిస్క్ పెట్టుకోవడం గురించి పోయిన వారం మీ కంప్యూటర్ శీర్షికలో రాశారు. పక్క మూత ఎలా తియ్యాలి, స్క్రూలు ఎన్ని, కేబుల్ ఏ వైపు తిప్పి పెట్టాలి, అన్నీ బొమ్మలు వేసి మరీ చెప్పి, ఆఖర్న "తర్వాత ఫార్మాట్ చేసుకుంటే సరి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. స్క్రూడ్రైవర్ పని నాకు పావుగంట పట్టింది. ఆ ఒక్క ముక్కకి రెండు ఆదివారాలు పట్టింది. అందుకే ఈ ఉత్తరం.

నా డెస్క్‌టాప్‌లో విండోస్ 7. లోపల రెండు పాత డిస్కులు, 160 జీబీ దాంట్లో విండోస్, 500 జీబీ దాంట్లో ఫోటోలూ వీడియోలూ. అది నిండిపోయింది కాబట్టి 3 టీబీ డిస్క్ ఒకటి తెచ్చాను. దాని దగ్గరికి కేబుల్ అందకపోతే పాతవాటిని పక్క పోర్టుల్లోకి జరిపి కొత్తదాన్ని మొదటి పోర్టులో పెట్టేశాను. ఏ పోర్టయితే ఏంటి అనుకున్నా. తర్వాత నేను పడ్డ తిప్పల్లో సగం దానివల్లే.

ఆన్ చేస్తే విండోస్ రాలేదు. నల్ల తెర మీద ఆపరేటింగ్ సిస్టమ్ దొరకలేదని తెల్లక్షరాలతో ఒక్క లైను, అంతే. గుండె జారిపోయింది. నిజానికి ఏమీ పోలేదు. బయోస్ (ఆన్ చెయ్యగానే విండోస్ కంటే ముందు నడిచే చిన్న ప్రోగ్రాం) ముందు మొదటి పోర్టులో ఉన్న ఖాళీ డిస్క్‌ని చూసి, అందులో ఏమీ లేదని అక్కడే ఆగిపోయింది. దాని సెటప్‌లోకి వెళ్లి బూట్ ఆర్డర్‌లో (విండోస్‌ని ఏ డిస్క్‌లో ముందు వెతకాలన్న వరసలో) పాత డిస్క్‌ని పైకి తెచ్చాక మామూలుగానే వచ్చింది. ఈ తెర చూసి విండోస్ మళ్లీ వేసుకున్నవాళ్లు నాకు తెలిసే ఇద్దరున్నారు, పాపం అనవసరంగా.

విండోస్ వచ్చింది గానీ 'కంప్యూటర్'లో కొత్త డ్రైవ్ కనపడదు. డిస్క్ మేనేజ్‌మెంట్ (డిస్కుల పనులు చూసే విండోస్ సాధనం) తెరిస్తే ఒక చిన్న పెట్టె లేచింది, డిస్క్‌ని ఇనిషియలైజ్ చెయ్యాలి, అంటే వాడకానికి సిద్ధం చెయ్యాలి, ఎంబీఆరా జీపీటీయా అని. డిస్క్‌లో ఏ ముక్క ఎక్కడుందో రాసిపెట్టే రెండు పద్ధతులవి. చుక్క అప్పటికే ఎంబీఆర్ దగ్గర ఉంది. అందరూ చేసేదే నేనూ చేశాను, ఓకే కొట్టాను. మీ వ్యాసంలో ఈ పెట్టె ఊసే లేదు, అసలు కథంతా ఇక్కడే ఉంటే! ఓకే కొట్టగానే కొత్త డిస్క్ నల్ల గీతతో రెండు ముక్కలుగా కనిపించింది, ఒకటి 2048 జీబీ, రెండోది 746.52 జీబీ. మొదటి ముక్కని ఫార్మాట్ చేసుకున్నా, బాగానే ఉంది. రెండో ముక్క మీద రైట్ క్లిక్ చేస్తే 'న్యూ సింపుల్ వాల్యూమ్' బూడిద రంగులో ఉండిపోయింది, నొక్కుడు పడదు. కంప్యూటర్లు బాగుచేసే ఒకాయన్ని అడిగితే "ఆ 746 జీబీ బ్యాడ్ అయిపోయినట్టుంది, తిరిగిచ్చెయ్యండి" అన్నాడు. బాగున్న డిస్క్‌ని చేతులారా వెనక్కి పంపేసేవాణ్ణి.

అది బ్యాడ్ కాదు. ఎంబీఆర్ అనే పద్ధతి 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చింది, అప్పటి హార్డ్ డిస్క్ 10 ఎంబీ. డిస్క్‌ని చిన్న చిన్న గదులుగా విడగొడతారు, వాటిని సెక్టార్లు అంటారు. మొట్టమొదటి సెక్టార్‌లో 64 బైట్ల చిన్న పట్టిక, అందులో నాలుగే నాలుగు వరసలు. ఏ పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన ముక్క) ఎక్కడ మొదలు, ఎంత పొడుగు అన్నది ఆ వరసల్లో రాసి ఉంటుంది. ఆ అంకె రాయడానికి ఇచ్చిన చోటు 32 బిట్లు. దరఖాస్తు ఫారంలో ఇంటి నంబరుకి నాలుగు గళ్లే ఇస్తే పదివేలో ఇంటివాడు ఏం రాస్తాడు? అలాగే ఇక్కడ సుమారు 429 కోట్ల సెక్టార్ల దాకానే లెక్క రాయగలం, సెక్టార్‌కి 512 బైట్ల చొప్పున 2.2 టీబీ దగ్గర గళ్లు అయిపోతాయి. ఆ తర్వాత చోటు ఉన్నా దానికి చిరునామా లేదు. నా 746 జీబీ అదే. జీపీటీ పట్టికలో ఆ అంకెకి 64 బిట్లు ఇచ్చారు, పార్టిషన్లు కూడా విండోస్‌లో 128 దాకా పెట్టుకోవచ్చు. అప్పుడు మొత్తం 2794 జీబీ ఒకే ముక్కగా వస్తుంది. (3 టీబీ అని రాసి 2794 ఏంటి అంటారా, అట్టమీద లెక్క వెయ్యితో, విండోస్ లెక్క 1024తో. అది మోసం కాదు, చిరాకు మాత్రమే.)

ఇలాంటి గోడలు ముందూ ఉన్నాయి. పాత ఐడీఈ (వెడల్పు పట్టీ కేబుల్) డిస్కుల రోజుల్లో 137 జీబీ దగ్గర ఒకటుండేది, సర్వీస్ ప్యాక్ 1 అనే అప్‌డేట్ వెయ్యని విండోస్ ఎక్స్‌పీ పెద్ద డిస్క్‌ని కూడా అక్కడికే కత్తిరించి చూపేది. అంతకుముందు 8.4 జీబీ దగ్గర ఇంకోటి. డిస్క్ సైజుకీ కంప్యూటర్ చూపే సైజుకీ చాలా తేడా వస్తే ముందు ఇలాంటి గోడ ఏదైనా తగిలిందేమో చూడాలి, తర్వాతే డిస్క్‌ని అనుమానించాలి.

సరే, జీపీటీకి మారదామనుకున్నా. అప్పటికే ఆ 2048 ముక్కలో కొన్ని ఫోటోలు ఎక్కించేశాను, పార్టిషన్ ఉండగా విండోస్ మార్చనివ్వదు. తెలిసిన ఒకాయన ఫోన్‌లో "డిస్క్‌పార్ట్ తెరిచి సెలెక్ట్ డిస్క్ 2, తర్వాత క్లీన్ అని కొట్టండి, అయిపోద్ది" అన్నారు. డిస్క్‌పార్ట్ అంటే కమాండ్లు టైప్ చేసి డిస్కుల పనులు చేసే విండోస్ సాధనం, అందులో క్లీన్ కొడితే ఎంచుకున్న డిస్క్ మొత్తం తుడుచుకుపోతుంది. ఆయన లెక్క సబబే, సున్నా నుంచి మొదలుపెడితే మూడో డిస్క్ అంటే 2 కదా. సెలెక్ట్ డిస్క్ 2 కొట్టాను, క్లీన్ అని కూడా టైప్ చేశాను, ఎంటర్ మీద వేలు ఉంది. ఎందుకో లిస్ట్ డిస్క్ ఒకసారి చూద్దామనిపించి, ఆ పదం చెరిపేసి చూశాను. డిస్క్ 0 2794 జీబీ. డిస్క్ 1 149 జీబీ. డిస్క్ 2 465 జీబీ. పక్కనే చిన్న చుక్క కూడా ఉంది, ఇప్పుడు ఎంచుకున్నది ఇదే అని.

465 అంటే నా 500 జీబీ, ఫోటోలున్నది. కొత్తదాన్ని మొదటి పోర్టులో పెట్టాను కాబట్టి అది డిస్క్ 0 అయి కూర్చుంది. క్లీన్ కమాండ్ "నిజంగానా?" అని ఒక్కసారి కూడా అడగదండీ. విండోస్ నడుస్తున్న డిస్క్‌నైతే తుడవనివ్వదు, కానీ ఫోటోల డిస్క్‌కి ఆ కాపలా లేదు. చెయ్యి చల్లబడిపోయింది. కంప్యూటర్ ఆపేసి, ఫోటోల డిస్క్ కేబుల్ పీకేసి, అప్పుడు మళ్లీ మొదలుపెట్టా. అసలు డిస్క్‌పార్ట్ దాకా వెళ్లక్కర్లేదని కూడా తర్వాతే తెలిసింది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే ఆ పార్టిషన్ తీసేసి, ఎడమ పక్కన 'డిస్క్ 0' అని రాసున్న బూడిద గడి మీద రైట్ క్లిక్ చేస్తే జీపీటీకి మార్చే ఆప్షన్ ఉంటుంది. నల్ల గీతున్న ముక్క మీద నొక్కితే అది రాదు, నేను అక్కడే నొక్కుతూ కూర్చున్నా.

జీపీటీ అందరికీ కుదరదు, అదీ రాయాలి. పాత బయోస్ ఉన్న మెషీన్‌లో జీపీటీ డిస్క్ ఫైళ్లు దాచుకోవడానికే పనికొస్తుంది, దానిమీద విండోస్ వేసి బూట్ చేద్దామంటే అవదు. మామూలు 32 బిట్ ఎక్స్‌పీ అయితే జీపీటీ డిస్క్‌ని చదవనే చదవదు. పాత బ్రాండెడ్ కంప్యూటర్లలో ఇంకో తిరకాసు, కంపెనీవాళ్లే రికవరీ అదీ ఇదీ అని ఎంబీఆర్‌లోని నాలుగు వరసలూ నింపేసి ఇచ్చేవాళ్లు, ఐదోది చెయ్యబోతే డైనమిక్ డిస్క్‌గా (విండోస్‌కే సొంతమైన వేరే అమరిక) మారుస్తానంటుంది. ఓకే అనొద్దు. విండోస్‌లో ఉన్న సాధనాలతో వెనక్కి రావాలంటే ఆ డిస్క్ మీద ఉన్నవన్నీ తీసెయ్యాల్సిందే.

ఇంకొకటి, దీనికి భయపడి డేటా పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ. యూఎస్‌బీ పెట్టెలో వాడుతున్న పెద్ద డిస్క్‌ని బయటికి తీసి కంప్యూటర్ లోపల తగిలిస్తే, నిన్నటిదాకా బాగున్నదే "ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా?" అని అడుగుతుంది. ఎక్స్‌పీలాంటి వాటికి పనికొచ్చేలా కొన్ని పెట్టెలు 512 బైట్ల సెక్టార్లని 4096 బైట్లవిగా చూపిస్తాయి, అందుకే ఎంబీఆర్‌లోనే 2.2 టీబీ దాటగలుగుతాయి. పెట్టె తీసేస్తే ఆ లెక్క తారుమారై, పార్టిషన్ ఎక్కడుందో విండోస్‌కి అర్థం కాదు. డేటా ఉన్నచోటే ఉంటుంది. క్యాన్సిల్ కొట్టి డిస్క్‌ని మళ్లీ అదే పెట్టెలో పెడితే ఫైళ్లు కనిపిస్తాయి. ఇక్కడ మీ సలహా ప్రకారం "ఫార్మాట్ చేసుకుంటే సరి" అనుకుంటే ఏమవుతుందో మీరే ఊహించుకోండి.

శీర్షిక రాసేవారి మీద నాకు కోపం లేదు, స్క్రూల సంగతి ఆయన చెప్పినట్టే చేశాను. కానీ వచ్చే వారం మిగతా భాగం కూడా వెయ్యండి. కనీసం ఈ మూడు మాటలైనా బాక్స్ కట్టి వెయ్యండి చాలు: పాత ఫైళ్లున్న డిస్క్ కేబుల్ ముందు పీకెయ్యమని, డిస్క్‌ని నంబరు చూసి కాకుండా సైజు చూసి గుర్తుపట్టమని, 2 టీబీ దాటితే డిస్క్ మేనేజ్‌మెంట్ అడిగే ఆ మొదటి పెట్టెలో జీపీటీ ఎంచుకోమని.

నా ఫోటోలు ఇప్పుడు కాపీ అవుతున్నాయి. ఇంకో మూడు గంటలు అంటోంది.

ఇట్లు,
మీ పాఠకుడు