కుక్కలు పట్టేవాళ్లకు ముందు పని నేర్పండి

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ల మీద వచ్చిన వార్త చూసిన రోజే రాయాల్సింది. ఇంట్లో పెళ్లి పనులుండి ఆలస్యమైంది. కుక్కలను మెడకు తీగ వేసి ఈడ్చుకెళ్లారని, ఒకదానికి కుట్లు ఊడిపోయాయని, ఇదంతా సిబ్బంది నిర్లక్ష్యమేనని రాశారు. జరిగింది తప్పే, కాదనను. చేత్తోనో వలతోనో, జంతువు బెదరకుండా పట్టాలని నిబంధన ఉంది. అయితే ఆ కుక్కలను పట్టిన మనిషికి వల విసరడం ఎవరు నేర్పారు? వార్తలో ఆ సంగతి ఒక్క ముక్క లేదు. అతని ఫొటో మాత్రం పెద్దగా వేశారు.

నేను పశువుల దవాఖానలో కాంపౌండర్‌గా పనిచేసి రిటైరైన మనిషిని. ఎద్దును పడుకోబెట్టడానికి తాడు ఎక్కడ చుట్టాలో, సూది ఏ పక్క నుంచి వేయాలో సీనియర్ల పక్కన నిలబడి నేర్చుకున్నాం. తప్పు చేస్తే తిట్టేవాళ్లు, మళ్లీ చూపించేవాళ్లు. ఇప్పుడు కుక్కల వ్యాన్ మీద వెళ్తున్న పిల్లలకు ఆ భాగ్యం లేదు. నిన్నటిదాకా సెంట్రింగ్ పనికో హమాలీకో పోయిన కుర్రాడిని ఇవాళ వ్యాన్ ఎక్కించి చేతికి వల ఇస్తున్నారు. టెండర్ ఎవరు తక్కువకు వేస్తే వాళ్లకే. కుక్కకు ఇంత అని లెక్క కట్టినప్పుడు తొందరపడక ఏం చేస్తారు? పాలిచ్చే తల్లిని పట్టకూడదని, ఆరు నెలల లోపు పిల్లకు ఆపరేషన్ చేయకూడదని ఆ తొందరలో ఎవరికి గుర్తుంటుంది, అసలు ముందు చెప్పిందెవరు?

ఇది వేరే పని చేతకాక వచ్చినవాళ్లు చేసే పని కాదు. ఆడకుక్కకు పొట్ట కోసి గర్భసంచి తీస్తారు. మత్తు దిగేదాకా దాని ఒళ్లు చల్లబడకుండా చూడాలి. కుట్టు నాక్కుంటోందా, చీము పడుతోందా, తింటోందా అని రోజూ చూడాలి. పార్వో అని కుక్కపిల్లలకు వాంతులు, రక్త విరేచనాలు తెచ్చే అంటురోగం ఉంది, అది వచ్చిన పిల్ల ఉన్న బోనును ఉత్త నీళ్లతో కడిగితే ఆ వైరస్ చావదు, నెలల తరబడి గచ్చులోనే ఉంటుంది. బ్లీచింగ్ ఎంత కలపాలి, ఎంతసేపు ఉంచాలి, రోగం ఉన్న బోను దగ్గర వాడిన చీపురు, చెప్పులు పక్క బోనుకు ఎందుకు తీసుకుపోకూడదు, ఇవన్నీ ఎవరైనా కూర్చోబెట్టి చెప్తేనే తెలుస్తాయి. ఆపరేషన్ చేసిన డాక్టర్ సాయంత్రం వెళ్లిపోతాడు. రాత్రంతా ఆ కుక్కల దగ్గర ఉండేది ఈ హెల్పరే.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది రేబిస్ టీకా సంగతి. కుక్కలతో పనిచేసేవాళ్లు కరవకముందే టీకా వేయించుకోవాలి. మొదటి రోజు, ఏడో రోజు, మళ్లీ 21 లేదా 28వ రోజు. అలా వేసుకున్నవాళ్లకు తర్వాత కరిచినా రెండు డోసులతో సరిపోతుంది, గాయం దగ్గర వైరస్‌ను వెంటనే అడ్డుకోవడానికి వేసే ఇమ్యూనోగ్లోబులిన్ సూది అవసరం ఉండదు. మా వాడకట్టులోని ఒక అబ్బాయి ఈ పనిలో చేరాడు. చేరినప్పుడు టీకా మాటే ఎత్తలేదట. చెయ్యి చీరుకుపోయేలా కరిస్తే పసుపు అద్ది, గుడ్డ కట్టుకుని సాయంత్రం దాకా పని చేశాడు. సబ్బుతో పావుగంట నీళ్ల ధార కింద కడగాలని కూడా ఆ అబ్బాయికి తెలియదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికేవాళ్లు దాదాపు ఉండరు. రేబిస్ ఆపడానికని పెట్టుకున్న మనిషినే రేబిస్‌కు ఎదురు పంపడం ఏం న్యాయం? కాంట్రాక్టర్‌ను అడిగితే ఆఫీసు వాళ్లు చెప్పలేదంటాడు. ఆఫీసులో అడిగితే అది కాంట్రాక్టర్ చూసుకోవాలంటారు.

జనం సంగతి ఇంకో బాధ. కుక్కను పట్టుకుపోతుంటే అన్నం పెట్టేవాళ్లు అడ్డం పడి ఫోన్లలో వీడియోలు తీస్తారు. తెచ్చి వదులుతుంటే గల్లీ వాళ్లు రాళ్లు పట్టుకుంటారు. ఆపరేషన్ చేసి, టీకా వేసి, ఆపరేషన్ అయిందన్న గుర్తుకు చెవి కొస కత్తిరించి పట్టిన చోటే వదలాలని కేంద్రం 2023లో తెచ్చిన జంతు జనన నియంత్రణ (ఏబీసీ) నిబంధనలు చెప్తున్నాయి. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబిస్ ఉన్నవి, మీద పడి కరిచేవి తప్ప మిగిలినవి వదలాల్సిందేనంది. మళ్లీ నవంబర్ 7న, బడులు, దవాఖానలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో పట్టినవాటిని మాత్రం అక్కడ వదలొద్దు, షెల్టర్‌లో ఉంచండి అంది. రెండు తీర్పులకూ తేడా గల్లీలో నిలబడి వివరించాల్సింది ఎవరు? కమిషనర్ గారు రారు. ఆ వ్యాన్ కుర్రాడే తిట్లు తింటూ చెప్పుకోవాలి. మన అడ్డాకల్ మండలం పొన్నకల్‌లో 2024 ఫిబ్రవరిలో 20 దాకా కుక్కలను తుపాకులతో కాల్చి చంపిన సంగతి జిల్లాలో ఎవరూ మరచిపోలేదు. మనుషుల్లో కుక్కల మీద కోపం అంత దూరం పోయిన చోట పనిచేస్తున్న పిల్లలు వీళ్లు.

చనిపోయే జంతువులను రోజూ చూడటం కూడా మామూలు విషయం కాదు. లారీ కింద పడి నడుం విరిగినది, పురుగులు పట్టినది, కళ్ల ముందే ప్రాణం పోయే కుక్కపిల్లలు. గోశాలల్లో పనిచేసేవాళ్లదీ ఇదే కథ, కడుపు నిండా ప్లాస్టిక్‌తో వచ్చిన ఆవును ఎంత చూసుకున్నా కొన్నిసార్లు దక్కదు. నిద్ర పట్టడం లేదని చెప్పుకోవడానికి వీళ్లకు ఎవరున్నారు? ఇంట్లో చెప్తే ఆ పని మానెయ్ అంటారు. అదే పని చేసే ఇంకొకరితో చెప్పుకుంటే మనసు తేలికపడుతుంది, పనిలో కిటుకూ తెలుస్తుంది. గద్వాలలో ఒకరు పార్వోను ఎలా ఆపారో వనపర్తిలో ఇంకొకరికి తెలియాలి కదా. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, నారాయణపేట, వనపర్తి, గద్వాల జిల్లాల వాళ్లు నెలకొకసారి ఒక దగ్గర కలవడానికి ఒక హాలు, దారి ఖర్చులు, ఆ రోజు కూలి పోకుండా జీతం ఇస్తే చాలు. ఫోన్లో ఒక గ్రూపు పెట్టి, అందులో ఒక డాక్టరు రాత్రిపూట కూడా జవాబిచ్చేలా ఉంటే ఎన్నో ప్రాణాలు దక్కుతాయి.

శిక్షణకు చోటు లేక కాదు. రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు పేరున పశువైద్య విశ్వవిద్యాలయమే ఉంది. హైదరాబాద్ ఫతుల్లగూడ లాంటి యానిమల్ కేర్ సెంటర్లలో ఏళ్లుగా ఈ పని చేస్తున్నవాళ్లున్నారు. మన పిల్లలను పది రోజులు వాళ్ల పక్కన ఉంచండి. ఊటీలో వీధికుక్కల ఆపరేషన్లు నేర్పే కేంద్రానికి డాక్టర్లను పంపండి. హెల్పర్లకు మాత్రం ఇక్కడే తెలుగులో, చేసి చూపిస్తూ నేర్పాలి. ఊళ్లో ఆవులకు ఎద్దు లేకుండానే చూలు కట్టించే సూది వేయడానికి గోపాలమిత్రలను తయారు చేసుకున్న రాష్ట్రం మనది, ఇది చేతకాదా?

మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది. బోర్డులు మారాయి, పన్నుల నోటీసులు సమయానికి వస్తున్నాయి, పని చేసే మనిషికి మాత్రం గ్లౌజులు లేవు. సెప్టెంబర్ 28న రేబిస్ దినం నాడు ఫ్లెక్సీ కట్టి ఫొటో దిగే పెద్దలు మర్నాడు వ్యాన్ దగ్గరికి రారు. పారిశుద్ధ్య కార్మికుల విషయంలోనూ ఇదే చూశాం. పని కింది మనిషిది, మాట పడేదీ కింది మనిషే. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్ లేకుండా చేస్తామని కేంద్రం 2021లోనే ప్రణాళిక ప్రకటించింది. దానికి వందలో 70 కుక్కలకైనా టీకా పడాలి. ఆ 70 కుక్కలను పట్టే చేతులు ఎవరివి?

నిబంధనల్లో స్థానిక పర్యవేక్షణ కమిటీ అని ఒకటి ఉంది. అది సమావేశమైతే మొదటి అంశంగా సిబ్బంది టీకాలు, శిక్షణ పెట్టాలని కలెక్టర్ గారిని కోరుతున్నాను. టీకా వేయించుకోని, శిక్షణ లేని మనిషిని వ్యాన్ ఎక్కిస్తే బిల్లు ఆపుతామని టెండర్ కాగితంలోనే రాయాలి. మీ విలేకరి ఈసారి వెళ్లినప్పుడు ఆ కుర్రాళ్ల టీకా కార్డులు అడిగి చూసి, ఎంతమందికి ఉన్నాయో జిల్లా పేజీలో వేయండి.

– విశ్రాంత పశువైద్య సహాయకుడు, మెట్టుగడ్డ, మహబూబ్‌నగర్