కార్బన్ ఒప్పందంపై ఆదివారం గ్రామసభ

అందరికీ నమస్కారం. మన పోడు పట్టాల్లో మొక్కలు పెంచి కార్బన్ క్రెడిట్లు (చెట్లు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్‌ను లెక్కగట్టి ఇచ్చే, అమ్ముకోగల పత్రాలు) అమ్ముతామంటున్న కంపెనీ ఒప్పందంపై ఆదివారం ఉదయం 9 గంటలకు బడి దగ్గర గ్రామసభ.

అటవీ హక్కుల నిబంధనల ప్రకారం సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. అక్కలూ, పిన్నులూ తప్పకుండా రండి.

పట్టా జిరాక్సు తెచ్చుకోండి.

ఒప్పందం తెలుగులో చదివిద్దాం. ఎన్నేళ్లు? ఆ కార్బన్ లెక్క తనిఖీ ఖర్చు కోసుకున్నాక మన వాటా ఎంత? మొక్కలు కాలిపోతే నష్టం ఎవరిది? అన్నిటికన్నా ముఖ్యం, కట్టెలు, అడ్డాకులు తెచ్చుకోనిస్తారా? చెట్లు పెరిగి తనిఖీ అయితేగానీ క్రెడిట్ల డబ్బు రాదు, ఏళ్లు పడుతుంది. అందాకా ఏమిస్తారో రాయించాలి.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ఈ పట్టా వారసులకే, బదలాయింపు కుదరదు. ఒప్పందంలో భూమి బదలాయించే షరతుంటే కొట్టేయిద్దాం.

అప్పటిదాకా ఎవరూ సంతకం గానీ వేలిముద్ర గానీ వేయొద్దు. ఫోన్ లేని ఇళ్లకు పక్కింటివాళ్లు చెప్పండి.