వింత వార్తకీ ఓ ఊరు, ఓ ఏడాది ఉంటాయి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక లోపలి పేజీలో, రాశిఫలాల కింద వచ్చే వింతల పెట్టె గురించి ఈ ఉత్తరం. మా ఊళ్లో సంపాదకీయం దాటేసి పోయేవాళ్లు ఉన్నారు గానీ (మన్నించాలి) ఆ పెట్టె చదవనివాళ్లు లేరు. నేను లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. పొద్దున్నే గ్రంథాలయానికి వెళ్లి, వరండా గోడకున్న నల్లబల్ల మీద ఆ రోజు వింతను సుద్దముక్కతో ఎక్కిస్తాను. ఎవరూ అప్పజెప్పిన పని కాదు, నేనే నెత్తిన వేసుకున్నాను. బడికి పోయే పిల్లలు, లోడు కోసం ఆగిన లారీ డ్రైవర్లు, పింఛనుదార్లు ఓ నిమిషం నిలబడి చదివి పోతుంటారు.

మొన్నామధ్య మీరు నాలుగు లైన్ల ముచ్చట ఒకటి వేశారు. ఓ దేశంలో ఇంటర్నెట్ నత్తనడక నడుస్తోందని విసిగిపోయిన ఓ కంపెనీ పావురం కాలికి మెమరీ కార్డు కట్టి వదిలిందట, పావురమే గెలిచిందట, నెటిజన్లు పడీ పడీ నవ్వుతున్నారట. ఉన్నదున్నట్టు బల్ల మీద రాశాను. సాయంత్రం తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె వచ్చి "ఏ దేశం మాస్టారూ?" అంది. తెలీదన్నాను. "ఎప్పుడు?" అంది. ఇవాళ్టి పేపర్లో పడింది కాబట్టి ఈ మధ్యే అయ్యుంటుందన్నాను. "అయితే మా ఇంట్లో వైఫై కన్నా పావురమే ఫాస్టా?" అంది. పక్కనున్న డ్రైవరు అందుకుని "మాస్టారూ, ఆ పిట్టనేదో మా లారీకి కట్టీసినా బాగుండును, జీపీఎస్ డబ్బులు మిగుల్తాయి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ ఆ పిల్ల అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు.

ఇంటికెళ్లి మనవణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్లో వెతికాం. పది నిమిషాలు కూడా పట్టలేదు. దేశం దక్షిణాఫ్రికా. సంవత్సరం 2009, సెప్టెంబరు. పావురం పేరు విన్‌స్టన్. 4 జీబీ డేటా ఉన్న కార్డుతో డర్బన్ వైపు ఎగిరి గంటా 8 నిమిషాల్లో చేరింది. కార్డులోది కంప్యూటర్లోకి ఎక్కించడంతో కలిపి మొత్తం 2 గంటల 7 నిమిషాలు. అదే సమయానికి టెలిఫోన్ లైను మీద వెళ్లింది 4 శాతం.

మర్నాడు ఆ లెక్క బల్ల మీద వేశాను. ఒక బైటుకి ఎనిమిది బిట్లు కాబట్టి 4 జీబీ అంటే సుమారు 32,000 మెగాబిట్లు. 2 గంటల 7 నిమిషాలంటే 7,620 సెకన్లు. భాగిస్తే పావురం వేగం సెకనుకు 4.2 మెగాబిట్లు. లైనుది 0.17. ఆ పిల్ల తన ఫోన్లో స్పీడు చూసి, పావురాన్ని చిత్తుగా ఓడించానని ఎగిరి గంతేసింది. 2009 అన్న నాలుగంకెలు పడ్డాక గానీ ఆ కథలో దమ్మెక్కడుందో తెలియలేదు. ఆ నాలుగంకెలు లేకుండా మీరు వేసింది అబద్ధమని అనను. మా బల్ల దగ్గర నిలబడ్డవాళ్లు తెలుసుకున్నది మాత్రం అబద్ధమే.

తవ్వుతున్నకొద్దీ ఇంకా బయటపడింది. ఇంటర్నెట్ నడవడికకు సంబంధించిన నియమాలు ఆర్‌ఎఫ్‌సీ అనే పత్రాల వరసలో వస్తాయి. అందులో 1149వది, పావురాల ద్వారా డేటా పంపే పద్ధతి మీద. తేదీ చూస్తే 1990 ఏప్రిల్ 1. ఫూల్స్ డే వేళాకోళమన్నమాట. నార్వేలోని బెర్గెన్‌లో, లైనక్స్ అనే కంప్యూటర్ వ్యవస్థ అంటే పడిచచ్చే వాళ్లు కొందరు 2001లో దాన్ని నిజంగానే చేసి చూశారు. తొమ్మిది ప్యాకెట్లు (డేటాని చిన్న చిన్న మూటలుగా కట్టినవి) పంపితే నాలుగింటికే జవాబు వచ్చింది. ఒక్కో జవాబుకి తక్కువలో తక్కువ 53 నిమిషాలు, ఎక్కువలో ఎక్కువ గంటాముప్పావు. దీన్ని మించిన వింత ఇంకేం కావాలండీ?

ఇంతా చేసి అసలు సంగతి మా గుమ్మంలోనే ఉంది. మా సాలూరు నుంచి ఘాట్ రోడ్డు ఎక్కితే కొరాపుట్. ఒడిశా పోలీసులు 1946లో సైన్యం ఇచ్చిన 200 పావురాలతో కబుర్లు మోసే సేవ మొదలుపెట్టింది ఆ కొరాపుట్‌లోనే. 1999 పెను తుపానులో తీగలన్నీ తెగిపోయినప్పుడు కూడా ఆ పావురాలు పనికొచ్చాయి. ఘాట్‌లో నెలకి నాలుగుసార్లు తిరిగే మా డ్రైవర్లలో ఒక్కడికీ ఈ ముక్క తెలీదు. నాకూ తెలీదు. మీ పెట్టెలో మాత్రం ఎప్పుడూ "అమెరికాలో ఓ మహిళ", "చైనాలో ఓ యువకుడు".

అమెరికా అంటే గుర్తొచ్చింది. ఈ మధ్యే "అమెరికాలోని జార్జియాలో" ఓ డెబ్భై అయిదేళ్ల ముసలమ్మ రాగి కోసం తవ్వుతూ పారతో కేబులు తెంపేసిందని, ఆర్మేనియా దేశంలో ఇంటర్నెట్ పోయిందని వేశారు. అమెరికాలో పార వేస్తే ఆర్మేనియాలో నెట్ పోవడమేమిటని డెస్కులో ఒక్కరికైనా అనుమానం రాలేదా? అది జార్జియా దేశం, ఆర్మేనియాకి ఉత్తరాన ఆనుకుని ఉంటుంది. ఆర్మేనియాకి నెట్ ప్రధానంగా వచ్చేది ఆ జార్జియా మీదుగానే. జరిగింది 2011 మార్చి 28న. ఒక దేశం కొన్ని గంటలపాటు నెట్ లేకుండా ఒక్క పార దెబ్బకి కూర్చుందంటే, దేశాలకి తీగలు ఎటు నుంచి వస్తాయి, రెండో దారి ఉందా లేదా అన్న పెద్ద పాఠం అందులో ఉంది. పక్క పేజీలో అట్లాసు ఉన్నా చాలేది, మేం ఆ పాఠం పోగొట్టుకునేవాళ్లం కాదు. సవరణ వేస్తారని వారం చూశాను. వెయ్యలేదు.

తప్పు మీ ఒక్కరిదే అని అనను. మా గ్రంథాలయం గోడకి "నాసా తీసిన దీపావళి రాత్రి భారతదేశం" అనే రంగుల ఫోటో మూడేళ్లు అతికి ఉంది. అతికించింది నేనే. అది దీపావళీ కాదు, ఒక రాత్రీ కాదు. అమెరికా వాతావరణ సంస్థ శాస్త్రవేత్త ఒకాయన 2003లో, ఏళ్ల తరబడి ఉపగ్రహాలు పట్టిన రాత్రి వెలుగుల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి చేసిన బొమ్మ. తెలుపు 1992కి ముందునుంచీ ఉన్న దీపాలు, నీలం 1992 నాటివి, ఆకుపచ్చ 1998వి, ఎరుపు 2003లో కొత్తగా వెలిగినవి. ఎదుగుతున్న ఊళ్ల పటం అది. దీపావళి దీపాల అదనపు వెలుగు అంతరిక్షం నుంచి చూస్తే తేడా తెలిసేంత ఉండదని నాసా 2012లోనే చెప్పింది. నిజం తెలిశాక దాన్ని చింపెయ్యలేదు, కింద రంగుల అర్థం రాసి మళ్లీ అతికించాను. ఇప్పుడే ఎక్కువమంది ఆగి చూస్తున్నారు, విజయనగరం ఎక్కడ, మన ఊరు ఏ రంగులో ఉంది అని వేలు పెట్టి వెతుక్కుంటూ.

ఫోన్లో తిరిగే ముచ్చటకీ పేపర్లో పడిన ముచ్చటకీ ఉన్న తేడా మీకు నేను చెప్పాలా? వాట్సాప్‌లో వచ్చినప్పుడు సగం మందైనా "ఎవడో పుట్టించుంటాడు" అంటారు. అదే మీ పెట్టెలో పడితే, ఆ ముక్కని ఫోటో తీసి "పేపర్లో వచ్చింది చూడండి" అని మళ్లీ అదే గ్రూపులోకి తోస్తారు. వీధిలో దొరికిన కాగితానికి మీరు ముద్ర కొట్టి పంపినట్టవుతోంది. 2016 నవంబరులో రెండు వేల నోటులో చిప్పుందని, 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహం పట్టేస్తుందని ఎంత గోల జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. టీవీల్లో కూడా వచ్చేసరికి మా వీధి కిరాణా కొట్టాయన నోటుని బల్బుకి అడ్డంపెట్టి చిప్పు కోసం వెతికాడు. అలా వెతకడంలో నష్టం లేదు గానీ, లేదని రిజర్వు బ్యాంకు చెప్పాక కూడా ఆయన నమ్మలేదు. "ఉందని చెప్తే జాగ్రత్తపడిపోతాం కదా, అందుకే లేదంటన్నారు" అన్నాడు. ఒకసారి ఎక్కిందాన్ని దించడం అంత కష్టం.

"వింతే కదా, నవ్వుకుని వదిలేయండి" అంటారేమో. మీ జిల్లా పేజీలో పంచాయతీ బోరు మోటారు కాలిపోతే వార్డు నంబరుతో సహా వేస్తారు, ఎన్ని కుటుంబాలు నీళ్లకి కటకటలాడుతున్నాయో కూడా రాస్తారు. ఆ శ్రద్ధలో పదో వంతు చాలు. ఊరు, సంవత్సరం, ఎక్కడి నుంచి తీసుకున్నారు, ఈ మూడూ ఒక లైనులో పడతాయి. చోటు లేదంటే "నెటిజన్లు అవాక్కవుతున్నారు" అనే చివరి వాక్యం తీసెయ్యండి, రోజూ ఒక లైను మిగులుతుంది. ఆ నెటిజన్లు ఎవరో, అన్నిసార్లు ఎలా అవాక్కవుతారో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఏఐ బొమ్మలు వచ్చాక మరీ జాగ్రత్త కావాలి; ఫోటో ఎవరు తీశారో తెలియకపోతే మాటలతోనే వేయండి, ఏం కొంపలు మునగవు. తప్పు పడితే సవరణ కూడా ఆ పెట్టెలోనే, అదే సైజు అక్షరాల్లో రావాలి. క్లాసిఫైడ్స్ పక్కన వేస్తే ఎవరు చూస్తారు?

వారానికొక్కటైనా మన చుట్టుపక్కలది వెయ్యమని కూడా అడుగుతున్నాను. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2002లో గణితానికి కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లకి వచ్చింది. ఏనుగు ఒంటి చర్మం మొత్తం వైశాల్యం ఎంతో సులువుగా కట్టే సూత్రం కనిపెట్టినందుకు. ఏనుగు ఒంటికి టేపు పట్టి కొలవడం మాటలా? మా మన్యంలో ఒడిశా నుంచి దిగివచ్చిన ఏనుగుల గుంపు చేలల్లో తిరుగుతూ ఉంటుంది. ఏనుగు పేరెత్తితే పంట నష్టం తప్ప వేరే మాట వినపడదు ఇక్కడ. ఈ సూత్రం సంగతి బల్ల మీద రాసిన రోజున, నిరుడు అరటితోట పోగొట్టుకున్న రైతు ఒకాయన కూడా నిలబడి చదివి, "కొలిచినోడికి దండం పెట్టాల" అనేసి వెళ్లాడు.

గత ఆదివారం మీరు వేసిన "ఓ దేశంలో నీలిరంగు గుడ్లు పెట్టే కోడి" ఇంకా బల్ల మీదకి ఎక్కలేదు. చిలీ దేశపు అరౌకానా జాతి కోళ్లు నీలిరంగు గుడ్లు పెడతాయి, మీరు రాసింది వాటి గురించేనా, ఇంకేదైనానా? ఊరూ ఏడాదీ ఒక కార్డు ముక్క మీద తెలియజేస్తే చాలు. బల్ల మీద దానికి చోటు వదిలి ఉంచాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
సాలూరు, పార్వతీపురం మన్యం జిల్లా